ముందు మచ్చిక, తరువాత శిక్షణ

నన్నయభట్టారకుడు ఆంధ్రీకరించిన మహాభారతంలో, ఆదిపర్వం ఆరంభంలోనే మనకు ఒక కుక్కపిల్ల కనబడుతుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే ఆ పిల్ల వచ్చినది. రాజుగారి తమ్ములు దానిని కొట్టి తరిమినారు. అది ఏడుస్తూ పోయి తల్లితో చెప్పుకొన్నది. తల్లి సరమ దేవతల కుక్క. ఆమె నేరుగా రాజు వద్దకు వచ్చి తన బిడ్డకు జరిగిన అన్యాయం విన్నవించి, తప్పు లేనివారిని బాధించినవారికి అనుకోని భయం వచ్చి పడుతుందని హెచ్చరించి వెళ్లినది. అంత మహాగ్రంథానికి ముంగిటనే ఒక కుక్క చేసిన ఫిర్యాదు ఉన్నదన్న సంగతి మనలో చాలమంది మరచిపోయినాము.

ఈ ప్రసంగానికి ఆ కథయే నాంది. వీధిలో పుట్టి పెరిగిన కుక్కను చేరదీసి ఇంటికి తెచ్చుకొన్నవారు మొదటి రెండు మూడు వారాలలో అనేక ఇబ్బందులు పడతారు. వాటిలో పెక్కు ఆ కుక్క మొండితనం వల్ల వచ్చినవి కావు, భయం వల్ల వచ్చినవి. ఈ భేదం తెలియక కొందరు దానిని దండిస్తారు. దండించిన కొద్దీ అది బెదురుతుంది. చివరకు 'ఇది మనకు అచ్చిరాలేదు' అనుకొని మళ్లీ రోడ్డుమీద వదలిపెడతారు. ఇంటి అన్నానికీ, ఇంటి నిద్రకూ అలవాటుపడిన జీవి పాత వీధికి తిరిగి వెళ్లితే, అక్కడి కుక్కలు దానిని తమదిగా ఒప్పుకొంటవన్న నమ్మకం లేదు. అటు వీధీ కాక, ఇటు ఇల్లూ కాక అది రెంటికీ చెడుతుంది. అట్టి అవస్థ రాకుండ చూచుట ఎట్లు అన్నదే మేము ఇక్కడ చెప్పదలచిన విషయం.

హైదరాబాదు నగరంలోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలనే ఉదాహరణగా తీసుకొందాము. అమీర్‌పేటలో మెట్రో రైలు మార్గాలు రెండు కలుస్తవి. మైత్రీవనం చుట్టుపట్ల కంప్యూటరు విద్యాకేంద్రాలు, వాటిని ఆనుకొని విద్యార్థుల హాస్టళ్లు, టీ కొట్లు, ఇడ్లీ బండ్లు ఉన్నవి. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ముందు రోడ్డు రాత్రింబవళ్లు మెలకువగానే ఉంటుంది. ఇక్కడి వీధికుక్కకు ఈ సందడి కొత్త కాదు. ఏ బండివాడు ఏ వేళకు మిగిలిన ఇడ్లీ వేస్తాడో, ఏ గేటు వద్ద కాపలాదారు కర్ర ఎత్తుతాడో, ఎండవేళ ఏ మెట్రో స్తంభం నీడ చల్లగా ఉంటుందో దానికి తెలుసును. అదియు ఒక విధమైన పాండిత్యమే. అట్టి జీవిని మనం ఒక సాయంకాలం ఎత్తుకొని నాలుగవ అంతస్తుకు తీసుకొనిపోతాము. అక్కడ కాలు జారే టైల్సు నేల, నెత్తిమీద తిరిగే ఫ్యాను, మిక్సీ రొద, కుక్కరు కూత, అన్నింటికీ మించి మూసిన తలుపు. ఆపద వచ్చినప్పుడు పారిపోవడానికి దారి ఉండడమే వీధిలో దానికి ప్రాణరక్షణ. ఇంటిలో ఆ దారి లేదు. అందుచేతనే అది మంచం కింద దూరుతుంది, అన్నం ముట్టదు, చేయి చాచితే గుర్రుమంటుంది. తెలిసిన విద్య అంతా ఒక్క పూటలో పనికిరాకుండ పోయినవాడు ఎట్లు ఉంటాడో, అదియు అట్లే ఉన్నది.

ఇట్టి కుక్కలను చేరదీసేవారికి మన నగరంలో చేయూత లేకపోలేదు. జూబిలీహిల్స్‌లో పనిచేస్తున్న బ్లూక్రాస్ సంస్థను శ్రీమతి అక్కినేని అమల 1992లో నెలకొల్పినారు. 2025 ఆగస్టు 17న నగరపాలక సంస్థవారు పంజాగుట్టకు సమీపాననే, బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో, దేశీ కుక్కపిల్లల దత్తత మేళా ఏర్పాటు చేసినారు. మరొక వైపు, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించిన దుర్ఘటన నగరవాసుల మనస్సులలో ఇంకను ఉన్నది. కుక్కంటే జనానికి భయం ఉండుటలో తప్పు లేదు. కనుక ఒక కుక్క ఇంటిలో నెమ్మదిగా కుదురుకొనుట ఆ యింటివారి ముచ్చట మాత్రమే కాదు. మెట్లమీద ఎదురుపడే పొరుగింటి పిల్లల క్షేమం కూడ అందులో ఇమిడి ఉన్నది.

భయం నేర్చుకొన్న విద్యను ఎట్లు తుడిచివేస్తుందో రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కండ్లారా చూచినాడు. గంట వంటి సంకేతం విన్నంతనే కుక్క నోట లాలాజలం ఊరునట్లు నేర్పవచ్చునని నిరూపించిన ఆ మహాశయుని పేరు పాఠ్యపుస్తకాలలో మనం చదువుకొన్నదే. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడు నగరానికి వరదలు వచ్చినవి. నీరు ఆయన ప్రయోగశాల కుక్కల గదులలోకి జొరబడినది. పనివారు వాటిని ఎంతో శ్రమపడి ఈదించి బయటకు తెచ్చినారు. ప్రాణాలు దక్కినవి గాని, ఆ తరువాత కొన్ని కుక్కలు అంతకుముందు బాగుగా నేర్చుకొన్న పాఠాలను కోల్పోయినవి. అవి తిరిగి కుదుటపడడానికి వారాలు పట్టినది. అట్టి ఒక కుక్క ఉన్న గదిలోకి తరువాత తలుపు కిందుగా కొంచెం నీరు పారించగా, దాని కలవరం మళ్లీ తిరిగివచ్చినది. బెదిరి ఉన్న కుక్కకు 'కూర్చో', 'రా' అని నేర్పబోవుట నిష్ప్రయోజనమని ఈ సంఘటన వల్ల మనకు తెలుస్తున్నది. ముందు మచ్చిక కావలె. శిక్షణ ఆ తరువాతి మాట.

మచ్చిక చేయదలచినవారు మొదట కుక్క భాష తెలుసుకొనవలె. తోక కాళ్ల నడుమ ముడుచుకొనుట, చెవులు వెనుకకు వాల్చుట, ఆకలి లేకపోయినా పెదవులు నాకుకొనుట, నిద్ర రాకపోయినా ఆవులించుట, మొగం పక్కకు తిప్పి కంటి తెలుపు కనబడునట్లు ఓరగా చూచుట, ఇవన్నీ 'నాకు భయంగా ఉన్నది, కొంచెం ఎడంగా ఉండండి' అని చెప్పే మాటలు. వాటిని మనం వినిపించుకొనకపోతే అది గుర్రుమంటుంది. అప్పుడును వినకపోతే కరుస్తుంది. 'మొరిగే కుక్క కరవదు' అన్న సామెతను ఈ విషయంలో నమ్మరాదు. ఇంకొక మాట. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టరాదు. గుర్రుమనుట అది మనకు చేసే ఉపకారం, ముందుగా ఇచ్చే హెచ్చరిక. దానిని దండనతో అణచివేస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. అటుపైన ఆ కుక్క చెప్పకుండ కరుస్తుంది.

ఇక ఇంటికి తెచ్చిన తొలి మూడు దినాలు ఎట్లు గడపవలెనో చూతాము. నలుగురు నడిచే హాలు మధ్యన గాక, ఒక మూలన పాత దుప్పటి గాని, గోనెపట్టా గాని పరచి, పక్కన నీళ్ల గిన్నె ఉంచవలె. అది ఆ మూలకు పోయి పడుకొన్నప్పుడు ఎవరును కదిలింపరాదు. 'మా యింటికి కుక్క వచ్చింది' అని బంధువులను, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపుట వారం పది దినాలు వాయిదా వేయవలె. మురికిగా ఉన్నదని వచ్చిన రోజుననే స్నానం చేయించుట కూడ మంచిది కాదు. కొత్తచోట అదొక పెద్ద బెదురు. మనము దానిమీదికి వంగి తల నిమురక, కొంత దూరాన నేలమీద పక్కకు తిరిగి కూర్చుండి, ఉడికించిన కోడిమాంసం ముక్కో, గుడ్డు ముక్కో దాని వైపు వేసి ఊరకుండవలె. దగ్గరకు వచ్చుటా, మానుటా దాని ఇష్టానికి వదలవలె. రాత్రి మూలిగితే కసరక, అది మన అలికిడి వినేటంత దూరంలో పడుకొనుట మేలు. ఈ రోజులలోనే కుక్కలు తప్పించుకొని పారిపోవుట ఎక్కువ. బాల్కనీ తలుపు, వీధి తలుపు జాగ్రత్తగా చూచుకొనవలె. బయటకు తీసుకొనిపోయినప్పుడు మెడపట్టీ ఒక్కటే చాలదు. బెదిరిన కుక్క తల వెనుకకు లాగి దానిని ఊడదీసుకొంటుంది. రొమ్ముకు చుట్టి తగిలించే హార్నెస్‌ను కూడ వాడుట క్షేమం.

ఆ వారంలోనే పశువైద్యునికి చూపవలె. పిడుదులు, కడుపులో నులిపురుగులు వీధికుక్కలకు సామాన్యం. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కుక్కను మందకొడిగా, ముభావంగా చేస్తుంది. దానిని మనం స్వభావమని పొరబడవచ్చును. మూడు నెలలు నిండిన కుక్కకు రేబీసు టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో తిరిగి వేయించుచుండవలె. చెవి కొసన చిన్న గాటు ఉన్నచో దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినదని గుర్తు. లేనిచో ఆ శస్త్రచికిత్స సంగతి వైద్యునితో మాట్లాడవలె. ఆహారం రోజూ ఒకే వేళకు, ఒకే చోట పెట్టవలె. మన కూరలలోని కారం, ఉల్లి, వెల్లుల్లి దానికి తగవు. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష విషంతో సమానం. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులోను, పేగులలోను గుచ్చుకొంటవి.

అది మన చేతి నుంచి ముక్క అందుకొని, మన పాదాల వద్ద ఒళ్లు వదిలి పడుకొన్న నాడు మచ్చిక అయినదని అనుకొనవచ్చును. ఇప్పుడు శిక్షణ మొదలుపెట్టవచ్చును. దీనికి మూలసూత్రం చాల చిన్నది. 1898లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి పరిశీలించినాడు. ఏ పని చేసినప్పుడు తలుపు తెరచుకొని ఆహారం దొరికినదో, ఆ పనినే అవి మరింత త్వరగా చేయసాగినవి. మంచి ఫలితం ఇచ్చిన పని నిలుస్తుంది, ఇవ్వనిది రాలిపోతుంది. అమెరికాలోని పశు ప్రవర్తనా వైద్యుల సంఘంవారు 2021లో, కుక్కలకు నేర్పుటకు బహుమాన పద్ధతినే అనుసరించవలెనని, కొట్టుట, మెడ బిగించుట, విద్యుత్తు పట్టీలు తొడుగుట తగవని స్పష్టంగా ప్రకటించినారు.

మొదటి పాఠం దాని పేరు. పేరు పిలచి, అది ఇటు చూచిన క్షణాననే ఒక ముక్క ఇవ్వవలె. పేరు వినబడితే మంచి జరుగునని దానికి తెలియవలె. కనుక పేరు పెట్టి తిట్టరాదు. రెండవ పాఠం 'రా'. రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, గది దూరానికి, ఆపై వరండా దూరానికి పెంచుచు పోవలె. వచ్చినప్పుడెల్ల బహుమానమే గాని మందలింపు ఉండరాదు. ఆలస్యంగా వచ్చినదని కొట్టితే, వచ్చినందుకే కొట్టినారని దాని లెక్క. మూడవ పాఠం 'కూర్చో'. ముక్కను దాని ముక్కు మీదుగా తల వెనుకకు పోనిస్తే అది తల ఎత్తి తానే కూర్చుంటుంది. నడుము నొక్కి కూర్చుండబెట్టనక్కర లేదు. పాఠం మూడు నాలుగు నిమిషాలకు మించరాదు. రోజుకు మూడు నాలుగు సార్లు చాలును. హైదరాబాదు ఇండ్లలో ఒక చిక్కు ఉన్నది. నాయనమ్మ 'రా' అంటుంది, తండ్రి 'ఆవ్' అంటాడు, పిల్లలు 'కమ్' అంటారు. ఇంటిల్లిపాదియు ఒక పనికి ఒకే మాట అనుకొనవలె.

మలమూత్ర విసర్జన విషయంలో గృహిణులకు విసుగు కలుగుట సహజం. వీధిలో పెరిగిన దానికి టైల్సు నేలకు, మట్టినేలకు గల భేదం ఎవరును చెప్పలేదు. నిద్ర లేచిన వెంటనే, అన్నం తిన్న వెంటనే, ఆడుకొన్న తరువాత, పడుకొనబోయే ముందు బయటకు తీసుకొనిపోయి, ఒకే చోట నిలబెట్టి, పని కాగానే మెచ్చుకొని ముక్క ఇచ్చిన, చాల కుక్కలు కొద్ది వారాలలో గ్రహిస్తవి. ఇంటిలో తప్పు జరిగితే చప్పుడు చేయక తుడిచివేయవలె. ముక్కును అందులో రాచుట మన పెద్దల కాలం నుంచి ఉన్న దురలవాటు. దాని వల్ల అది నేర్చుకొనేది ఒక్కటే: మన కంట పడకుండ సోఫా వెనుక ఆ పని చేయుట.

ఒంటరిగా ఉండుట కూడ నేర్పవలసిన విద్యయే. వచ్చిన మరునాడే తాళం వేసి పది గంటలు ఉద్యోగానికి పోతే, అది అరచి, తలుపు గీరి, పక్కవారి నిద్ర చెడగొడుతుంది. మొదట గది తలుపు అర నిమిషం మూసి తెరవవలె. తరువాత రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. అది అరవక ముందే తిరిగి రావలె. 'పోయినవారు తిరిగి వస్తారు' అన్న నమ్మకం ఇట్లు కొద్దికొద్దిగా పేర్చవలసినదే గాని ఒక్కసారి కలిగేది కాదు.

చప్పుళ్ల సంగతి చూతాము. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం, బోనాల డప్పులు, భాద్రపదంలో వినాయక నిమజ్జనం, ఆపై దీపావళి మందుగుండు, మన ప్రాంతంలో ఏడాది పొడవునా మోతకు కొదవ లేదు. ఇందుకు మార్గం 1924లోనే మేరీ కవర్ జోన్స్ అను అమెరికా మహిళ ఒక పసివాని విషయంలో చూపినది. వానికి కుందేలన్న మహాభయం. ఆమె వానికి ఇష్టమైన తినుబండారం ఇచ్చి, వాడు తినుచుండగా కుందేలును దూరాన ఉంచి, వాడు బెదరనంత మేరకే దినదినం దగ్గరకు తెచ్చినది. చివరకు వాడు దానిని చేతితో తాకినాడు. మనమును అట్లే చేయవచ్చును. డప్పుల శబ్దాన్ని టెలిఫోనులో అతి మెల్లగా వినిపించి ఆ క్షణాననే ముక్క పెట్టి, శబ్దాన్ని అనేక దినాలలో పెంచుచు పోవలె. మెట్రో రైలు చప్పుడుకు బెదిరే దానిని స్తంభాల కిందికి ఈడ్చుకొనిపోక, దూరపు సందు నుంచి మొదలుపెట్టవలె. అది ముక్క తినుట మానినచో మనం తొందరపడినామని అర్థం. రెండడుగులు వెనుకకు రావలె. దీపావళి రాత్రి మాత్రం పాఠాలు వద్దు. కిటికీలు మూసి, రేడియో కొంచెం పెద్దగా పెట్టి, దాని పక్కన కూర్చుండవలె. బెదిరిన కుక్కను ఓదార్చిన చెడిపోవునన్న మాట నిజం కాదు.

చిన్నపిల్లలను కుక్కతో ఒంటరిగా విడువరాదు. తినుచున్నప్పుడు, నిద్రించుచున్నప్పుడు దానిని తాకరాదని పిల్లలకు ముందు నేర్పవలె. ఎంత జాగ్రత్తపడినా పన్ను గాని గోరు గాని గీరుకొన్నచో, 'మన యింటి కుక్కే గదా' అని ఊరకుండరాదు. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుని చూడవలె. పసుపు, కారం, సున్నం వంటివి పూయరాదు. రేబీసు వ్యాధి లక్షణాలు కనబడిన తరువాత దాదాపు మందు లేనట్లే. సకాలంలో టీకా వేయించుకొన్న రాకుండ ఆపవచ్చును. ఆ టీకాలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా వేస్తారు.

అపార్టుమెంటులో ఉన్నవారు ఇరుగుపొరుగువారి హక్కులను కూడ గమనించవలె. నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకొనుట, లిఫ్టులో తాడు దగ్గరగా పట్టుకొనుట, రోడ్డుమీది మలం తీసివేయుట మన విధులు. భారత జంతు సంక్షేమ మండలివారు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాస సంఘాలు పెంపుడు కుక్కలను బొత్తిగా నిషేధింపరాదు. అయినను, మార్గదర్శకాల కన్న మన మర్యాద ఎక్కువ పని చేస్తుంది. ఆ మండలి పుట్టుకకు కారణమైన 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం నాట్యకళాకోవిదురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలం. తగిన కారణం లేకుండ జంతువును ఆకలిదప్పులపాలు చేసి వదలిపెట్టుట, కుక్కను తెరిపి లేకుండ గొలుసుతో కట్టివేసి ఉంచుట ఆ చట్టం దృష్టిలో నేరాలు.

కుక్కను చేరదీసినవారిలో ఒక మోటు లెక్క వాడుకలో ఉన్నది. బెదురు తగ్గడానికి మూడు దినాలు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనిపించడానికి మూడు నెలలు. కొన్నింటికి ఇంకను ఎక్కువ పడుతుంది. కుక్కపిల్లలు మనుషులతో చెలిమి నేర్చుకొనడానికి అనువైన కాలం పుట్టిన మూడవ వారం నుంచి ఇంచుమించు పన్నెండవ వారం వరకని స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథంలో చూపినారు. ఆ వయస్సును వీధిలో గడిపిన కుక్కకు మనం కొంత ఎక్కువ గడువు ఇవ్వవలసి ఉంటుంది.

'శిక్ష' అన్న సంస్కృత పదానికి అసలు అర్థం నేర్చుకొనుట. వేదాంగాలలో మొదటిదాని పేరు శిక్ష. కాలక్రమాన మనం ఆ మాటకు దండన అన్న అర్థాన్నే మిగుల్చుకొన్నాము. 'కుక్కకాటుకు చెప్పుదెబ్బ' అన్నంత సులభంగా చేయి ఎత్తుతాము. ఎత్తిన చేతిని చూచి కుక్క నేర్చుకొనేది చేతికి భయపడుట మాత్రమే. చేరదీయదలచిన కుటుంబాలు మూడు నెలల తీరిక, సహనం తమకు ఉన్నవా అని ముందుగా ఆలోచించుకొనవలె. లేకపోతే ఇప్పుడు తేకపోవుటయే దయ. ఉన్నవనుకొంటే, రోజుకు పది నిమిషాల పాఠం, వేళకు అన్నం, ఎత్తని చేయి, వీటికన్న ఎక్కువ ఖర్చు లేని పని ఇది. 'కుక్క తోక వంకర' అని మనవారు అన్నారు, నిజమే. తోక సంగతి మనకెందుకు? అది మనలను చూచి ఊగితే చాలును.